రెండో పట్టీ

సెప్టెంబరులో అరౌసా అఖాతం నీళ్ళ రంగేమీ మారలేదు.
మారితే బావుండేది.
కంటికి ఆనని నాచు ఒకటి
ఆల్చిప్పల కడుపుల్లోకి విషం మోసుకొస్తుంది.
రుచి ఉండదు, వాసన ఉండదు,
ఉడికించినా పోదు.
తిన్నవాళ్ళ పేగులకే తెలుస్తుంది, రాత్రికి.

నేను చేసేది చిన్న పని.
అగ్గిపుల్లంత పట్టీ మీద
కార్బన్ గొట్టాల పొద ఒకటి పరుస్తాను.
వెంట్రుకను నిలువునా వేల పాయలు చీలిస్తే
ఒక్క పాయంత గొట్టం.
పొద నిండా బంగారు నలుసులు చల్లుతాను.
నలుసైతే బంగారం కూడా పసుపు మరిచిపోయి
ద్రాక్షసారా ఎరుపెక్కుతుంది.
అప్పుడు ప్రోటీన్‌ని తెచ్చి అక్కడ కట్టేస్తాను.

కట్టడంలోనే ఉంది విద్యంతా.
మా అమ్మమ్మ ఆవుకి వేసే పలుపు గుర్తొస్తుంది:
బిగిస్తే మెడ కోసుకుపోతుంది,
వదిలితే పక్కవాడి మొక్కజొన్న పోతుంది.
ఇదీ అంతే.
గట్టిగా లాగితే మడతలు విప్పుకుని చచ్చిపోతుంది,
వదులైతే మొదటి కడుగుకే కొట్టుకుపోతుంది.
రెండేళ్ళు పట్టింది నాకా ముడి పట్టుబడడానికి.

బతికున్నంతసేపూ అది నెమరేస్తూనే ఉంటుంది.
వేసిన మేత కొరికినప్పుడల్లా
ఎలక్ట్రాన్లు రాలతాయి,
బంగారం వాటిని ఏరి తీగకి అందిస్తుంది,
తెర మీద గీత నడుస్తుంది, నలభై నానో ఆంపియర్లు.
విషం తగిలిందా,
దవడ కదలదు. గీత కూలుతుంది.
నోరు మూసుకోవడమే దాని చెప్పడం.

దోసిందాకి ఇది తెగ నచ్చింది.
అరవై రెండేళ్ళ మనిషి,
నీలగిరి దుంగల తెప్పలు నాలుగు ఆమెవి,
ఒక్కో తెప్పకి ఐదొందల తాళ్ళు, తాడు నిండా ఆల్చిప్పలు.
"మా ఇంట్లో నేనూ అంతే" అంది.
"అరుస్తున్నంతసేపూ ఎవరికీ భయం లేదు."

పదకొండో తేదీ పొద్దున్నే, పడవలోనే పరీక్ష.
గీత కూలింది. సున్నా.
"ఆపేయండి" అన్నాను, ఎంత గొప్పగా అన్నానో.
దోసిందా క్రేన్ ఆపింది.
పైకెత్తిన తాడు మళ్ళీ నీళ్ళలోకి దించింది.
రేవులో లారీ ఖాళీగా తిరిగిపోయింది.
ఆ డ్రైవర్ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

సాయంత్రం పెద్ద ల్యాబ్ నుంచి ఫోను:
విషం లేదు.

రాత్రంతా లెక్కల్లో వెతికాను, తప్పు దొరకలేదు.
అది కారులో ఉంది.
పట్టీల డబ్బా, ముందు అద్దం కింద,
నిన్న మధ్యాహ్నమంతా ఎండలో.
అందులోని ప్రోటీన్ ఎప్పుడో పోయింది.
శవాన్ని సముద్రం సంగతి అడిగాను.
అది ఊరుకుంది.
ఊరుకోవడాన్ని జవాబనుకున్నాను.

మర్నాడు చెప్పడానికి వెళ్తే
దోసిందా గట్టు మీద కూర్చుని
బోయాలకంటిన పీచు గీకుతోంది.
తిట్టలేదు.
మూడు బోయాలు శుభ్రమయ్యాక అంది:
"మనిషి పలక్కపోతే కోపమా, జబ్బా అని తర్వాత అడగొచ్చు ఇరియా.
ముందు ముక్కు దగ్గర వేలు పెట్టి చూడాలి."

ఇప్పుడు ప్రతి పట్టీ పక్కనా ఇంకో పట్టీ.
అదే పొద, అదే బంగారం, అదే ముడి.
ఒకే డబ్బాలో, ఒకే మంచులో పెట్టి తెస్తాను.
దానికి అనుమానపు చుక్క తగలనివ్వను,
మేత మాత్రం వేస్తాను.
అది నెమరేస్తుంటేనే
పక్కదాని మౌనాన్ని నమ్ముతాను.

అక్టోబరు మూడున, చినుకుల్లో,
ఒక గీత కూలింది. ఒకటి నడుస్తూనే ఉంది.
తలెత్తి ఏదో అనబోయాను.
దోసిందా అప్పటికే క్రేన్ తాళంచెవి తీసి
రబ్బరు కోటు జేబులో వేసుకుంటోంది,
కళ్ళు రెండో పట్టీ మీదే ఉంచి.